కొలను అడుగు కనబడాలి

రేడియో ప్రసంగ పాఠం

నేను పద్నాలుగేళ్లుగా మస్కట్‌లో ఈతకొలనుల మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. మాది కోనసీమ. పంటకాలవలో ఈత నేర్చుకున్నవాణ్ణి, ఎడారి దేశంలో కొలనులు శుభ్రం చేస్తూ బతుకుతానని చిన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి. ఈ రోజు ఆటోమేటిక్ పూల్ క్లీనరు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మస్కట్‌లోనే కాదు, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇంట్లో కొలను ఉన్న మనవాళ్లకు కూడా ఇవి పనికొస్తాయి.

ఈ మిషన్లు మూడు రకాలు. మొదటిది పీల్చే రకం. కొలను పంపు నీటిని లాగుతుంటే ఆ లాగుడుతోనే అడుగున పాకుతూ చెత్త పీలుస్తుంది. 1974లో దక్షిణాఫ్రికాలో ఫెర్డినాండ్ షోవియే అనే ఆయన తయారుచేసిన ‘క్రీపీ క్రాలీ’ ఈ రకమే. రెండోది పంపు నుంచి వచ్చే నీటి ఒత్తిడితో నడిచేది. మూడోది రోబో. దీనికి సొంత మోటారు, సొంత ఫిల్టరు ఉంటాయి. కొలను పంపుతో దీనికి పనిలేదు.

పీల్చే రకం మెల్లగా నడుస్తోందంటే ముందు మిషను జోలికి వెళ్లకండి. స్కిమ్మరు బుట్ట చూడండి, పంపు ముందున్న బుట్ట చూడండి. తర్వాత ఫిల్టరు మీదున్న ప్రెషర్ గేజి చూడండి. ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పుడు చూపించే అంకె కంటే 8 నుంచి 10 పి.ఎస్.ఐ. ఎక్కువ చూపిస్తుంటే బ్యాక్‌వాష్ చెయ్యాలి. నీరు కొలనులోకి తిరిగొచ్చే చోట బుడగలు వస్తుంటే ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. గొట్టం జాయింట్లు, పంపు మూత కింద రబ్బరు రింగు చూసుకోండి. కొలనులో నీటిమట్టం స్కిమ్మరు నోటి మధ్య వరకూ ఉండాలి. మస్కట్ ఎండకి నీరు ఆవిరైపోయి మట్టం తగ్గుతుంది. స్కిమ్మరు గాలి మింగడం మొదలుపెడితే పంపే పాడవుతుంది.

మిషను ఒకే మూల తిరుగుతోందా? నీళ్లు వచ్చే నాజిలు దాన్ని ఆ మూలకే తోస్తుందేమో చూడండి. నాజిలు మూతిని కొంచెం కిందికి తిప్పండి. గొట్టాన్ని చుట్టచుట్టి పెడితే ఆ వంకర దానికి అలవాటైపోతుంది. ఎప్పుడూ సాపుగా పరిచి, నీడలో పెట్టండి.

రోబో విషయానికి వస్తే, ఒక సంగతి చెబుతాను. ఈ మధ్య వేసవి సెలవుల్లో అజైబాలో ఉన్న ఒక తెలుగు కుటుంబం పిలిచింది. ఇంటాయన, “మోటారు పోయినట్టుందండీ, ఆగి ఆగి నడుస్తోంది. కొత్తది కొనెయ్యమంటారా?” అన్నారు. కొత్తదంటే వందల రియాళ్ల మాట. ప్లగ్గు తీసి, మిషను తిరగేసి, కింది మూత విప్పాను. నీళ్లు తోడే చిన్న ఫ్యాను చుట్టూ వెంట్రుకలు, పాప జడకి పెట్టుకునే రబ్బరుబ్యాండు చుట్టుకుని ఉన్నాయి. లోపలి ఫిల్టరు సన్నటి దుమ్ముతో బిగుసుకుపోయింది. రెండూ శుభ్రం చేసి, మెలిపడిన కేబులు పూర్తిగా విప్పి సాపు చేశాను. మిషను మళ్లీ గోడ ఎక్కింది.

పిల్లలిద్దరూ తువ్వాళ్లు భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నారు. “బాగైంది కదండీ, దింపమంటారా?” అన్నారాయన. వద్దన్నాను. వారం రోజులు మిషను నడవక, క్లోరిన్ చూసుకోక, నీరు పలచటి మజ్జిగలా ఉంది. అడుగున ఉన్న డ్రైన్ జాలీ కనబడడం లేదు. ఊరి నుంచి వచ్చిన వాళ్లమ్మగారు, “కాలవలో అడుగు కనబడే ఈదామా నాయనా మనం?” అన్నారు. “లేదమ్మా. అందుకే మన ఊళ్లలో వేసవి వస్తే ఎవరో ఒకరి పిల్లలు మునిగిపోయారనే కబురు వింటుంటాం” అన్నాను. ఆవిడ మరి మాట్లాడలేదు. పిల్లల్ని లోపలికి తీసుకెళ్లిపోయారు. మూడో రోజుకి నీరు తేరుకున్నాక దిగారు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇదే. క్లీనరు కొలను అందం కోసం మాత్రమే కాదు. మసక నీటిలో మునిగిన పిల్లవాడు గట్టు మీదున్నవాళ్లకి కనబడడు. గట్టున నిలబడి చూస్తే డ్రైన్ జాలీ స్పష్టంగా కనబడాలి. కనబడకపోతే ఆ రోజు ఎవరూ దిగకూడదు. మిషను చెత్త ఎత్తుతుంది కానీ క్రిములను చంపదు, పాచి పుట్టకుండా ఆపదు. ఆ పని క్లోరిన్‌ది. పి.హెచ్. 7.2కీ 7.8కీ మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పి.పి.ఎం. ఉండేలా టెస్ట్ కిట్‌తో చూసుకోండి. ఎండ క్లోరిన్‌ని తినేస్తుంది కాబట్టి సాయంత్రం పూట వెయ్యడం మేలు. క్లోరిన్, యాసిడ్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. క్లోరిన్ మోతాదు ఎక్కువగా వేసిన రోజు రోబోని బయటే ఉంచండి.

ఇక ఒమాన్ సంగతులు. గాలిదుమారం వచ్చి వెళ్లాక రోబో ఫిల్టరు నిమిషాల్లో నిండిపోతుంది. ఆ రోజు రెండు మూడుసార్లు తీసి కడగాలి. కాగితం పూల రేకులు, ఖర్జూరం పీచు ముందే వలతో తీసెయ్యండి. నీటి వేడి 35 డిగ్రీలు దాటితే చాలా రోబోలని నడపకూడదని వాటి మాన్యువల్‌లోనే ఉంటుంది. జూన్, జూలైలో మస్కట్‌లో ఆ వేడి మామూలే. అందుకని తెల్లవారుజామున నడపండి. పనయ్యాక నీళ్లలో వదిలెయ్యకుండా తీసి, మంచినీళ్లతో కడిగి నీడలో పెట్టండి. నీళ్లలో లేనప్పుడు స్విచ్చి వేస్తే సీలు కాలిపోతుంది.

2007 జూన్‌లో గోను తుపాను, 2021 అక్టోబరులో షాహీన్ తుపాను వచ్చినప్పుడు వాదీల వరద బురద ఇళ్లలోకి వచ్చింది. కొలనులో బురద చేరితే క్లీనరు వెయ్యకండి, అది దాని పని కాదు. చేత్తో వాక్యూం పట్టి, ఆ నీటిని ఫిల్టరులోకి పంపకుండా నేరుగా బయటికి వదలాలి. అలాగని కొలనంతా ఒకేసారి తోడెయ్యకండి. భూమిలో నీరు నిండి ఉన్నప్పుడు ఖాళీ కొలను కింది ఒత్తిడికి పైకి లేచి పగలవచ్చు. తెలిసినవాళ్లని అడిగి చేయించండి.

చివరగా భద్రత. మిషను నీళ్లలో ఉండగా ఎవరూ దిగకూడదు. రోబో కరెంటు పెట్టెని మాన్యువల్‌లో చెప్పినంత దూరంలో, సాధారణంగా మూడున్నర మీటర్ల దూరంలో పెట్టండి. లీకేజి వస్తే కరెంటు కట్టేసే బ్రేకరు తప్పనిసరి. పీల్చే రకం గొట్టం తీసేశాక గోడలో ఆ రంధ్రానికి మూత ఉందో లేదో చూడండి. పంపు లాగుడు చిన్నదనుకోకండి. 2002లో అమెరికాలో గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప హాట్ టబ్ డ్రైన్ లాగుడుకి అతుక్కుపోయి చనిపోయింది. వాళ్ల తాతగారు ఆ దేశపు మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్. ఆ పాప పేరు మీదే 2007లో అక్కడ డ్రైన్ మూతల చట్టం వచ్చింది. మీ కొలను డ్రైన్ జాలీ విరిగినా, వదులైనా పంపు ఆపేసి, కొత్తది బిగించేదాకా ఎవర్నీ దిగనివ్వకండి.

ఇవన్నీ చేశాక కూడా, పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లొకరు ఫోను పక్కనపెట్టి గట్టున కూర్చోవాలి. ఆ పనికి ఇంకా మిషను రాలేదు.