మిస్‌గివింగ్ అంటే మనసు కీడు శంకించడమే
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా సర్వీసంతా ఫైళ్ళకు నోట్లు రాయడంతోనే గడిచింది. ఆ ఇంగ్లీషులో నాకు ఆలస్యంగా అర్థమైన మాట మిస్‌గివింగ్. ఎక్కువగా బహువచనంలో మిస్‌గివింగ్స్ అని వాడతారు. ఇది భయం కాదు. ఎదురుగా పాము కనబడితే కలిగేది భయం. ఒక పని తలపెట్టినప్పుడు, ఫలితం బాగుండదేమోనని కారణం చూపలేకుండా లోపల పుట్టే గుబులు మిస్‌గివింగ్. పూర్వపు ఇంగ్లీషులో ‘గివ్’ అన్న క్రియకు మనసు సూచించడం అనే అర్థం కూడా ఉండేది. అది చెడును సూచిస్తే మిస్‌గివ్. మన ఇళ్ళలో ‘మనసు కీడు శంకిస్తోంది’ అంటామే, అదే ఇది.

నోటులో ఈ మాట రాస్తే, ఆధారమేమిటని పక్కన రాసి ఫైలు తిప్పి పంపేవారు. ఆధారం లేనిది పైకి అనకూడదని నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది.

1977 నవంబరు 18, శుక్రవారం. అప్పుడు నాకు గుడివాడలో ఉద్యోగం. మా మేనమామ నాగాయలంక తిరుగు ప్రయాణమయ్యారు. రేడియోలో తుఫాను కబురు మన సీమకు కొత్త కాదు. అయినా బస్టాండులో నా మనసు కీడు శంకించింది.

“ఏరా, అలా ఉన్నావేం?” అన్నారు.

పెద్దవారితో ఏమని చెప్పను? “ఏం లేదు మామయ్యా” అన్నాను.

మర్నాడు ఉప్పెన దివిసీమను ముంచేసింది. సుమారు పదివేలమంది పోయారు. మామయ్య జాడ మాకు దొరకలేదు. ఉండమంటే ఉండేవారో లేదో. నేను అననే లేదు.

మన బందరులో 1864 నవంబరు 1 నాటి ఉప్పెనకు ముప్పైవేలమంది పోయారంటారు. ఆనాడు ముందుగా చెప్పే దిక్కు లేదు. 1990 మే తుఫానుకు లక్షలమందిని ముందే తరలించారు గనుక ప్రాణనష్టం బాగా తగ్గింది. ముందు చెప్పడంలో ఉన్న విలువ అది.

మన వయసులో ఇల్లు ఇప్పుడే రాసిమ్మంటారు, దాచుకున్న డబ్బు ఎక్కువ వడ్డీకి వేయమంటారు. గుబులు ప్రతిసారీ నిజం కాకపోవచ్చు. అయినా ‘ఏం లేదు’ అనకండి. ‘కారణం చెప్పలేను గాని నా మనసు ఒప్పడం లేదు’ అనండి. పిల్లలూ, మీరూ నవ్వకండి. రెండు రోజులు ఆగండి. ఆ గుబులు ఉత్తదే అయితే పోయేది రెండు రోజులే.

సెలవు.