పిల్లల్నీ పెద్దల్నీ ఎవరి చేతుల్లో పెడుతున్నాం?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు చోడవరంలో ఈ విషయం మీద ప్రసంగం పెడితే జనం నవ్వేవారు. ఇంట్లో దాదీ, పక్కింట్లో ఖాలా ఉండేవారు. పిల్లవాడు ఏ ఇంట్లో అన్నం తిన్నాడో తల్లికి సాయంత్రానికి గాని తెలిసేది కాదు. ఇప్పుడు కొడుకు గల్ఫ్‌లో, కోడలు విశాఖలో. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీకి ఆడపిల్లలు తెల్లవారకుండానే బస్సెక్కుతున్నారు. ఇంట్లో మిగిలేది మంచం పట్టిన పెద్దావిడ, మూడేళ్ల పసివాడు. ఎవరో ఒకర్ని పెట్టుకోక తప్పదు.

జీతమిచ్చి మనిషిని పెట్టుకోవడం పరువు తక్కువని కొందరి బాధ. నేనొప్పుకోను. మన ప్రవక్త (స.అ.స.) గారినే పసితనంలో బనూ సాద్ తెగకు చెందిన హలీమా గారి చేతుల్లో పెట్టారు. అయితే ఒకటి గమనించండి. పాలు మాన్పించాక ఆమె బిడ్డను మక్కాకు తెచ్చి తల్లి ఆమినా గారికి చూపించింది. అప్పగించేసి మరిచిపోలేదు ఎవ్వరూ. తల్లి పోయాక ఆయన్ను కనిపెట్టుకుని ఉన్న ఉమ్మె ఐమన్ గారు ఆ ఇంటి దాసి. ఆమెను ఆయన చివరిదాకా తల్లిలాగే గౌరవించారు.

మన పేటలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను, పేర్లు వద్దు. కొడుకు గల్ఫ్ నుంచే ఒక ఏజెన్సీతో ఫోన్లో మాట్లాడి, అడ్వాన్సు పంపి, అమ్మకు ఆయాను పెట్టాడు. నెలలో ముగ్గురు మారారు. రోజూ వీడియో కాల్‌లో అమ్మ మొహం కనబడేది, బాగానే ఉందనుకున్నాడు. వీపు కనబడదు కదా! పక్కింటావిడ దుప్పటి మార్చబోయి చూస్తే నడుం కింద అరచేయంత పుండు. మంచంలో ఉన్న మనిషిని రెండేసి గంటలకు పక్కకు తిప్పాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఒక్కతే రాత్రీ పగలూ చెయ్యాలంటే ఎలా చేస్తుంది? వారానికో రోజు సెలవివ్వాలి, ఆ రోజు ఇంటివాళ్లు చూసుకోవాలి.

సంబంధం చూడాలంటే ఏడు ఊళ్లు తిరిగి వాకబు చేస్తాం. ఆయాకు మాత్రం ఆధార్ కార్డు చూస్తే చాలా? ఇదివరకు పని చేసిన ఇంటికి స్వయంగా వెళ్లండి, ఎందుకు మానిందో ఆ ఇంటి ఆడవాళ్లను అడగండి. పోలీస్ స్టేషన్లో వివరాలివ్వడానికి మొహమాటపడకండి. మొదటి వారం ఇంట్లో ఒకరుండండి. తర్వాత చెప్పకుండా మిట్టమధ్యాహ్నం వెళ్లండి. మందుల షీటులో ఎన్ని బిళ్లలు మిగిలాయో లెక్కపెట్టండి.

పసివాడు ఆ మనిషిని చూసి దాక్కుంటున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలెట్టినా కొట్టకండి, మెల్లగా అడగండి. మగపిల్లాడైనా సరే. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక అఘాయిత్యం తెలిసి కూడా దాచడం నేరం. పరువని మూసిపెట్టకండి. పిల్లలకు 1098, పెద్దలకు 14567, ఈ నంబర్లు గోడ మీద రాసుకోండి. మూడేళ్లు నిండిన పిల్లలకు వీధిలోని అంగన్‌వాడీ ఉండనే ఉంది, అక్కడి టీచరు మనకు తెలిసిన మనిషే. దాన్ని చిన్నచూపు చూడడం మనకు అలవాటైపోయింది.

చుట్టాలైతే అడగక్కర్లేదంటారు. అదీ తప్పే. చూసుకుంటానన్న మేనల్లుడికి ఇల్లు హిబా చేసి వరండాలో పడుకున్న పెద్దవాళ్లు లేరా? 2007 నాటి వయోవృద్ధుల చట్టం ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టి రద్దు చేయించుకోవచ్చు. కాని ఆ షరతు కాగితం మీద ఉండాలి. నోటిమాట హిబాకు ఏం చూపిస్తారు?

మనలోనే సంపాదన అవసరమున్న వితంతువులు ఉన్నారు. నర్సమ్మల దగ్గర నాలుగు రోజులు పని నేర్పిస్తే వాళ్లకు జీతం, మనకు తెలిసిన మనిషి. ఇందుకోసం ఒక రిజిస్టరు కొని కార్యదర్శి గారికిచ్చాను. మనుషుల్ని పెట్టుకున్న ఇళ్లవాళ్లు వచ్చే జుమా నమాజు తర్వాత వచ్చి, ఎవరు ఎన్నాళ్లు చేశారో, ఎందుకు మానారో రాయించండి. చెడ్డ అనుభవమైనా రాయించండి.