చందమామకి ఆటోప్లే ఉండదు కదా!

ఈసారి పిల్లలు, ఫోను, మన గిల్టు గురించి మాట్లాడుకుందాం. ఇది చూస్తున్న వాళ్లలో చాలామంది పక్కన ఓ బుడ్డోడు నిలబడి "నాకివ్వు, నాకివ్వు" అంటూ ఉంటాడని తెలుసు. ఇచ్చినా ఫర్లేదు. ఇందులో బొమ్మల్లేవు, వాడే తిరిగి ఇచ్చేస్తాడు.

పిల్లల డాక్టర్ గది ఎప్పుడైనా గమనించారా? ఏ ఊళ్లో అయినా సీను ఒకటే. డాక్టర్ గారు మందుల చీటీ రాస్తూ "ఫోన్ ఎంతసేపు చూస్తాడమ్మా?" అంటారు. అమ్మ గొంతు సగానికి పడిపోతుంది. "అన్నం తినేటప్పుడే సార్... ఓ అరగంట." నాన్న తన ఫోన్‌లోంచి తలెత్తి "గంట ఉంటుందేమో" అంటాడు. నానమ్మ కూడా వచ్చిందా, ఇక అయిపోయింది. "గంటేంటి బాబూ, పొద్దున లేచిందగ్గర్నుంచీ అదే కదా!" మనవాళ్లు అసలు లెక్క చెప్పని చోట్లు రెండే. ఒకటి స్థలం రిజిస్ట్రేషన్, రెండోది పిల్లల డాక్టర్ గది.

ఈ భయమంతా అంకెల వల్ల వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: ఏడాది లోపు పిల్లలకి స్క్రీన్ అసలొద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దు, తగ్గితే ఇంకా మంచిది. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, రెండేళ్ల లోపు వద్దే వద్దంది. రెండు నుంచి ఐదేళ్ల దాకా గంట, అదీ పెద్దవాళ్లు పక్కనుండగా. ఐదు నుంచి పదేళ్ల వాళ్లకి రెండు గంటల లోపు.

మంచి అంకెలే, నాకేం పేచీ లేదు. కానీ ఆ అంకె ఎవరి నెత్తిన పడుతోందో చూడండి.

మియాపూర్‌లో ఐదో అంతస్తు ఫ్లాట్ అనుకోండి. ఆయన ఆఫీసులో. అత్తగారు నల్గొండలో, అమ్మ తెనాలిలో. కుక్కర్ రెండో విజిల్ వేసింది, తాలింపు మాడుతోంది, రెండేళ్లవాడు కాలికి చుట్టుకుని దిగనంటున్నాడు. ఫోన్ ఇచ్చింది. ఇరవై నిమిషాలు ఇల్లు నిశ్శబ్దం. మన లెక్కలో అది పిల్లాడి స్క్రీన్ టైమ్. నిజానికి అది ఆవిడ వంట టైమ్. ఉమ్మడి ఇంట్లో ఆ ఇరవై నిమిషాలు తాతయ్య చూసుకునేవాడు, పక్కింటి పిన్ని చంకనేసుకుని వెళ్లేది. ఇప్పుడు ఆ ఉద్యోగం ఫోన్‌కి వచ్చింది. గిల్టు మాత్రం ఆవిడకే.

అదే నాన్న ఆదివారం పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని మూడున్నర గంటలు క్రికెట్ చూశాడనుకోండి. అది స్క్రీన్ టైమ్ కాదట. అది "నాన్నతో గడపడం"! డాక్టర్ గారికి ఆ మూడున్నర గంటల సంగతి ఎవరూ చెప్పరు.

ఇంకో తమాషా. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో బడి పాఠాలు టీవీలోకి వచ్చాయి, దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో. ప్రైవేటు స్కూళ్ల పిల్లలకి ఫోన్‌లో క్లాసులు. పొద్దున "ఫోన్ చూడరా, టీచర్ పిలుస్తోంది", సాయంత్రం "ఎప్పుడూ ఆ ఫోనేనా, కళ్లు పోతాయ్". ఆ పిల్లలు ఎంత కన్ఫ్యూజ్ అయి ఉంటారో పాపం.

ఇప్పుడు పెద్దవాళ్ల వాదన. "మా కాలంలో ఫోన్లున్నాయా? చందమామని చూపించి గోరుముద్దలు పెట్టాం" అంటారు. నిజమే. కాకపోతే అదీ ఏమార్చి తినిపించడమేగా! పిల్లాడి ధ్యాస ఆకాశంలో ఉండగా నోట్లో ముద్ద కుక్కడమే. మరి తేడా ఎక్కడుంది?

చందమామ తనంతట తను మాట్లాడదు. మాట్లాడాల్సింది మీరే. వాడు "ఏదీ?" అంటాడు, మీరు "అదిగో, కొబ్బరాకుల వెనకాల" అంటారు, వాడు తప్పు దిక్కు చూపిస్తాడు, మీరు నవ్వుతారు, వాడు ఇంకోసారి కావాలనే తప్పు చూపిస్తాడు. ఫోన్‌లో బొమ్మ మాత్రం వాడు పలికినా పలకకపోయినా తన పాట తను పాడుకుంటూ పోతుంది. ఇంకోటి, చందమామకి ఆటోప్లే లేదు. ఒక చందమామ అయిపోగానే ఐదు సెకన్లలో ఇంకో చందమామ రాదు. మబ్బు అడ్డొచ్చిందంటే ఆ రోజుకి ఎపిసోడ్ ఖతం.

ఇదేదో కవిత్వం అనుకోకండి. 2003లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం ఒక ప్రయోగం చేసింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలు. కొందరితో చైనా భాష మాండరిన్ మాట్లాడేవాళ్లు ఎదురుగా కూర్చుని పన్నెండు సార్లు ఆడించారు, పుస్తకాలు చదివి వినిపించారు. ఇంకొందరికి అవే మాటలు టీవీలో చూపించారు. మనుషులతో ఆడిన పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడా పట్టుకున్నారు. టీవీ చూసిన పిల్లలకి ఏమీ అంటలేదు. మాటలు అవే, ఎదురుగా మనిషి లేడు, అంతే.

డల్లాస్‌లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, "తెలుగు రైమ్స్ పెడుతున్నాం కదా, తెలుగు అదే వచ్చేస్తుంది" అనుకునే వాళ్లు ఇది కాస్త వినాలి. పాట మొత్తం గడగడా పాడతాడు, దాహం వేస్తే మాత్రం ఫ్రిజ్ వైపు వేలు చూపిస్తాడు. పాట పెట్టండి, తప్పేం లేదు. పక్కన కూర్చుని "ఆ చిలక ఏ రంగురా?" అని మీరు అడగాలి.

అందుకే తెనాలి అమ్మమ్మతో వీడియో కాల్‌ని మీ గిల్టు లెక్కలోంచి ఈ రోజే తీసేయండి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా 2016 సూచనల్లో ఏడాదిన్నర లోపు పిల్లలకి స్క్రీన్ వద్దంటూనే వీడియో కాల్‌కి మినహాయింపు ఇచ్చింది. అటువైపు అమ్మమ్మ నుదురు, సీలింగ్ ఫ్యాను తప్ప ఇంకేం కనిపించదు, అయినా సరే. వీడు స్క్రీన్‌కి పప్పన్నం పెడతాడు, ఆవిడ అక్కణ్నుంచి "ఆమ్" అంటుంది. ఫోన్ తుడుచుకోవచ్చు.

మరి మిగతా టైమ్ సంగతి? గిల్టు ఒక్క నిమిషం కూడా తగ్గించదు. పైగా పెంచుతుంది. పొద్దున గిల్టుతో ఫోన్ లాక్కుంటాం. వాడు గుక్కపెట్టి ఏడుస్తాడు. సాయంత్రానికి మనకి ఓపిక అయిపోయి, "పాపం పొద్దున ఏడిపించాను" అని మళ్లీ గిల్టుతోనే ఇచ్చేస్తాం. వాడికి అర్థమైంది ఒకటే: ఈ ఫోన్‌కి పాస్‌వర్డ్ ఏడుపు.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోప్లే ఆపేయండి. చిన్న పనే, కానీ చాలా తేడా. "ఐదు నిమిషాల్లో ఇచ్చేయ్" అంటే మూడేళ్లవాడికి ఐదు నిమిషాలంటే ఏంటో తెలీదు. "ఈ కథ అయిపోయాక ఇచ్చేయ్" అంటే తెలుస్తుంది, ఎందుకంటే కథ నిజంగా అయిపోతుంది. పడుకునే ముందు గంట ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. ఈ రెండూ నిలబడ్డాక అన్నం దగ్గర ఫోన్ మాన్పించే యుద్ధానికి దిగండి. మూడూ ఒకే రోజు మొదలెట్టారో, మూడో రోజుకి మీరే ఏడుస్తారు.

నాన్నలకి ఒక్క పని. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, రెండూ 2018 నుంచే ఉన్నాయి. మీ అంకె తీసి ఇంట్లో అందరి ముందూ పైకి చదవండి. పిల్లాడి అంకె గురించి ఆ తర్వాత మాట్లాడదాం.

పెళ్లి కాని బాబాయ్‌లు, మేనమామలు, మీరు నవ్వుతున్నారు కదూ? పండక్కి ఇంటికెళ్లగానే "రారా బంగారం" అని మీ ఫోన్ ఇచ్చేది ఎవరు? వాడి కంటికి మీరు హీరో. సాయంత్రం బస్సెక్కి మీరు వెళ్లిపోతారు, రాత్రి పదకొండింటిదాకా వాడి ఏడుపు వదిన పడుతుంది. క్రెడిట్ మీకు, ఈఎంఐ వదినకి. ఈసారి వెళ్తే ఫోన్ జేబులో ఉంచి వాణ్ని మేడ మీదకి తీసుకెళ్లండి. ఆవిడ ప్రశాంతంగా తాలింపు వేసుకుంటుంది.

సరే, మీ ఫోన్‌లో ఇప్పటికే ఓ ఎనిమిది నిమిషాలు తిన్నాను. ఇది కూడా లెక్కలో పడుతుంది. ఉంటాను మరి.