కొట్టంలో కోళ్ళు



ఈ రోజు కోళ్ళ గురించి మాట్లాడుకుందాం. "మాకు తెలియని కోళ్ళా పంతులమ్మా?" అని వెనక నుంచి ఎవరో అంటున్నారు. నిజమే. పెట్టను పొదగేయడం, పిల్లలను గద్దకు దొరకకుండా కాయడం నాకంటే మీకే బాగా తెలుసు. నేను చెప్పేది వేరే సంగతి. మన ఇళ్ళల్లో గేదెలు, కోళ్ళు ఒకే కొట్టంలో ఉంటున్నాయి. వేరే చోటు లేదు. అలా ఉంటే మంచీ ఉంది, చెడూ ఉంది.

ముందు మంచి చూద్దాం. పేడకుప్పలో ఈగలు గుడ్లు పెడతాయి. అవి తెల్ల పురుగులవుతాయి. కోడి కుప్పను కాళ్ళతో గీరి ఆ పురుగులను తినేస్తుంది. ఈగలు తగ్గుతాయి. గేదె ఒంటి మీద పిడుదులు ఉంటాయి చూడండి, కొందరు గోమార్లు అంటారు. కింద రాలిన వాటిని కూడా కోడి ఏరుకు తింటుంది. పూర్తిగా పోతాయని కాదు, కొంత మేలు. గేదె వదిలేసిన గింజలు, తవుడు కూడా కోడికే. అందుకే నాటుకోడికి మనం పెట్టే ఖర్చు చాలా తక్కువ. ఆ గుడ్ల డబ్బులు ఎవరి చేతికి వస్తాయి? మన చేతికే గదా! ఇంట్లో ఎవరినీ అడగక్కర లేని డబ్బు అది.

ఇప్పుడు చెడు. కోడికి రాత్రిపూట ఎత్తు మీద కూర్చునే అలవాటు. కొట్టంలో ఎత్తు ఏముంటుంది? గాడి అంచు, కుడితి తొట్టి అంచు. తెల్లారేసరికి మేత నిండా రెట్ట. గేదె వాసన చూసి వదిలేస్తుంది. రెట్ట పడిన కుడితి తాగితే దూడలకు పారుడు పట్టుకోవచ్చు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. కొట్టంలో ఒక మూల, గాడికి దూరంగా, రెండు వెదురు కర్రలు అడ్డంగా కట్టండి. నాలుగు రోజులు మీరే ఎత్తి అక్కడ కూర్చోబెడితే కోళ్ళకు అలవాటవుతుంది. గంప కింద మూసేవాళ్ళకు ఈ బాధే లేదు. కుడితి తొట్టి మీద రాత్రి ఒక తడిక వేయండి.

ఇంకొకటి ఉంది. చాలామందికి తెలియదు. జబ్బు చేసిన కోడి గడ్డివాములో దూరి చచ్చిపోతుంది. మనం చూడం. అది అక్కడే కుళ్ళుతుంది. ఆ కుళ్ళులో ఒక విషం పుట్టవచ్చు. అది తగిలిన గడ్డి గేదె తింటే కాళ్ళు పట్టు తప్పుతాయి, నాలుక వేలాడుతుంది, మింగలేదు, కూలబడిపోతుంది. అంత దాకా వస్తే బతకడం కష్టం. అందుకని కోడి కనపడకపోతే వెతకండి. చచ్చిన కోడిని పెంట మీద పారేయవద్దు. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.

దాణా సంగతి కూడా చెప్పాలి. కోళ్ళ కోసం పెట్టిన నూకల బస్తా గేదె కట్టు తెంచుకుని తినేస్తే కడుపు ఉబ్బుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. బస్తా అందకుండా పెట్టండి. పెళ్ళి ఊరేగింపుల గుర్రాన్ని పెంచే వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గుర్రం తిన్నది కక్కలేదు. బజారులో కొన్న ఫారం కోళ్ళ దాణాలో కొన్నిట్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. కోడికి అది మందు. గుర్రానికి కొంచెమైనా విషమే. గుర్రాన్ని కట్టే చోట ఆ దాణా చల్లనే కూడదు. ఉలవలు తిన్న గుర్రం లద్దెలో అరగని గింజలు ఉంటాయి, కోళ్ళు వాటిని ఏరుకుంటాయి. దాంతో భయం లేదు.

ఇక అసలు భయం కొక్కెర తెగులు. మన దేశంలో దీన్ని 1927లో ఉత్తరాదిన రాణీఖేత్ అనే కొండ ఊళ్ళో గుర్తించారు. అందుకే డాక్టర్లు రాణీఖేత్ అంటారు. కోడి ముడుచుకుంటుంది, పచ్చగా పారుతుంది, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది, మెడ వంకర తిరుగుతుంది. మా పక్కింటి పెద్దమ్మకు 17 కోళ్ళు ఉండేవి. వారం తిరగకుండా 15 పోయాయి. కూతురి కాలేజీ ఫీజుకు అమ్ముదామని దాచుకున్న కోళ్ళు అవి. ఒక కోడిని సంత నుంచి తెచ్చి నేరుగా మందలో వదిలారు, దానితోనే వచ్చింది. కొత్త కోడిని రెండు వారాలు విడిగా గంప కింద ఉంచాలి.

ఈ తెగులుకు మందు లేదు. టీకా ఉంది. పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క. 8 వారాలు నిండాక రెక్క కింద సూది. ఆ సూది మందు పేరు ఆర్ టు బి. చిన్న పిల్లలకు అది వేయకూడదు, తట్టుకోలేవు. సూది వేశాక పెట్ట కొన్నాళ్ళు గుడ్లు తగ్గించవచ్చు, కంగారు పడకండి.

మరి ఎందుకు వేయించడం లేదు? సీసా ఒకటి తెరిస్తే సాధారణంగా వంద కోళ్ళకు వస్తుంది. కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి, మంచులో ఉంచాలి. పది కోళ్ళున్న ఇంటికి సీసా ఎవరు తెరుస్తారు? అందుకే అందరం ఒకే పూట వేయించుకోవాలి. సీసా మీద ఇంగ్లీషు ఉంటుంది. ఉంటే ఉండనీ! అంకెలు మీకు వచ్చు. గడువు తేదీ నెల, సంవత్సరం మీరే చదవండి. దాటిపోతే వద్దనండి.

ఈ రాత్రి కోళ్ళు చేరాక లెక్క పెట్టండి. 8 వారాలు దాటినవి ఎన్ని, చిన్నవి ఎన్ని, జబ్బుగా ఉన్నవి ఎన్ని, మీ చేత్తోనే కాగితం మీద రాసి రేపు తెండి. ఇక్కడే పలక మీద కూడికలు వేద్దాం. ఎన్ని సీసాలు కావాలో తేలాక, ఇద్దరు అక్కలు నాతో పశువుల ఆసుపత్రికి రండి.