సువాసన పడని చర్మం

(భవానీపురంలో సంఘ వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



జుమా నాడు గుసుల్ చేసి, ఉతికిన బట్టలు కట్టుకొని, అత్తరు రాసుకొని మసీదుకు వెళ్ళడం మనకు సున్నత్. కావున సువాసన వద్దని చెప్పడానికి నేను నిలబడలేదు. కాని ఆ అత్తరే, ఆ సబ్బే, గడ్డం గీసిన తరువాత రాసే లోషనే కొందరి ఒంటికి పడదు. పడనివారికి గడ్డం కింద, మెడ మీద, చెవుల వెనుక ఎర్రబారి, దురద పుట్టి, పొట్టు రాలుతుంది. చూసినవాళ్ళు గజ్జి అంటారు, తామర అంటారు. సెలూన్‌లో కత్తి పెట్టడానికి సందేహిస్తారు. ఈద్ నాడు ఆలింగనానికి వచ్చినవాడు ఆ మెడ చూసి ఒక అడుగు వెనక్కి వేస్తే ఆ కుర్రవాడి మనసు ఏమవుతుంది? అందుకని ముందే చెబుతున్నాను. ఇది అంటువ్యాధి కాదు. ఒకరి తువ్వాలు వల్ల, ఒకరి చెయ్యి తగలడం వల్ల ఇంకొకరికి రాదు.

ఇందులో రెండు రకాలున్నవి. లోషన్ రాయగానే చురుక్కుమని మండి, కాసేపటికి తగ్గితే అది స్పిరిటు చేసే పని. కత్తి గీసిన చోట కంటికి కనపడని గాట్లు ఉంటాయి గనుక ఎవరికైనా మండుతుంది. రెండవది అలర్జీ. ఇది వెంటనే రాదు. ఒకరోజుకో రెండు రోజులకో దురద, దద్దు లేస్తుంది. శుక్రవారం రాసిన అత్తరు ఆదివారం బయటపడితే మనవాళ్ళు అత్తరును అనుమానించరు, శనివారం తిన్న వంకాయను పట్టుకుంటారు! పాపం, వంకాయ మీద పడినన్ని నిందలు మరి దేనిమీదా పడవు. ఇంకొక మాట అంటారు: "పదేళ్ళుగా ఇదే సబ్బు వాడుతున్నాను, ఇప్పుడెందుకు పడదు?" అని. అలర్జీ అట్లాగే వస్తుంది. పదేళ్ళు ఊరుకున్న ఒళ్ళు పదకొండో ఏట ఎదురు తిరగవచ్చు. ఒకసారి తిరిగిందా, సాధారణంగా జీవితాంతం ఆ వస్తువును గుర్తుపెట్టుకుంటుంది.

సహజమైనదైతే ఏమీ కాదనే నమ్మకం కూడా పొరపాటే. నిమ్మ తొక్కలోని లిమొనీన్, ఎన్నో పూల నూనెల్లో ఉండే లినలూల్ గాలి తగిలి పాతబడేకొద్దీ చర్మాన్ని ఎక్కువ రేపుతాయి. మూత సరిగా లేని పాత సీసా మరీ చెడ్డది. మన సున్నిపిండిలో కొందరు బావంచాలు కలుపుతారు. బావంచాల్లో సొరాలిన్ ఉంటుంది. అది ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్ల మచ్చలు పడతాయి. బెర్గమాట్ నూనె వేసిన కొలోన్లు మెడ మీద చారలు పెట్టేది కూడా ఈ జాతి పదార్థం వల్లనే. 1980 ప్రాంతంలో విదేశాల్లో ఆఫ్టర్ షేవ్ లోషన్లలోని మస్క్ అంబ్రెట్ అనే కృత్రిమ కస్తూరి వల్ల ఎండకు మొహం రేగినవారిని డాక్టర్లు గుర్తించారు. తరువాత దాని వాడకం మానిపించారు. మన బెజవాడ ఎండలో ఈ సంగతి మరచిపోతే ఎట్లా?

ఐరోపా దేశాల్లో 2003లో ఒక చట్టం చేసి, అలర్జీ తెచ్చే 26 సువాసన పదార్థాలు వస్తువులో ఉంటే వాటి పేర్లు అట్ట మీద వేయాలన్నారు. 2023లో ఆ జాబితాను 80 దాటించారు. మన సబ్బు అట్టల మీద చాలావాటికి "పర్ఫ్యూమ్" అని ఒక్క ముక్కే ఉంటుంది. టీఎఫ్‌ఎం 76 శాతం ఉంటే సబ్బు మేలురకమే, కాని అది కొవ్వు లెక్క. వాసన సంగతి అందులో తెలియదు. "అన్‌సెంటెడ్" అన్నవాటిలో కూడా వాసన కప్పిపుచ్చే సువాసన ఉండవచ్చు. "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అన్నది చూసి కొనండి.

హజ్, ఉమ్రా వెళ్ళి వచ్చినవారికి ఒక సంగతి తెలుసు. ఇహ్రాంలో సువాసన కూడదు గనుక వాసన లేని సబ్బు వెంట తీసుకుపోతారు. హాజీల సామాన్లు అమ్మేచోట అది దొరుకుతుంది. హజ్‌కు పోకపోయినా కొనవచ్చు, ఎవరూ అడ్డం చెప్పరు! ఆ సబ్బుతో నెల రోజులు స్నానం, వజూ చేసి చూడండి. అయితే ఇంట్లోవాళ్ళ పౌడరు, తలనూనె, బట్టల సబ్బు వాసన కూడా లెక్కలోకి వస్తాయి.

గడ్డం గీసుకునేవారు స్నానం తరువాత, వెంట్రుక మెత్తబడ్డాక, వెంట్రుక వాలు వెంటే గీయండి. సెలూన్‌కు మీ సొంత క్రీము, బ్రష్షు పట్టుకెళ్ళండి. చివర లోషన్ వద్దనండి. గడ్డం పెంచినవారికి ఈ బాధ లేదనుకోకండి, గడ్డానికి రాసే నూనెల్లో కూడా వాసన దట్టిస్తున్నారు. మసీదు గుమ్మంలో అత్తరు పంచే పెద్దలకు నాదొక మనవి. చెయ్యి పట్టుకుని రాసేముందు ఒక్కమాట అడగండి. పడనివారు మొహమాటపడకుండా "రుమాలుకు రాయండి భాయ్" అనండి.

షాదీల్లో గంటలోపే నల్లగా పండే మెహందీ కోన్ల గురించి అమ్మలు జాగ్రత్త. ఉట్టి గోరింటాకు ఎర్రగా పండుతుంది, నల్లగా పండదు. నలుపు కోసం జుట్టు రంగులోని మందు కలుపుతారు. దానితో చేతులు బొబ్బలెక్కి, ముందుముందు జుట్టుకు రంగు వేసినా మొహం వాచేవారున్నారు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది మందుల షాపు ట్యూబు. మొహం మీద దద్దుకు ఎవరో చెప్పిన స్టెరాయిడ్ క్రీము తెచ్చి నెలల తరబడి రాస్తారు. రెండు రోజుల్లో తగ్గినట్టుంటుంది. ఆపితే ఇంతకింత రేగుతుంది. మళ్ళీ రాస్తారు. చివరకు చర్మం పలచబడి, నరాలు కనపడి, మొహం ఎర్రగా మిగులుతుంది. డాక్టరు చూసి, ఇన్ని రోజులని చెప్పి ఇస్తే అదే మందు మేలు చేస్తుంది. లెక్క లేకుండా రాస్తేనే ముప్పు.

ఏది పడదో తేల్చడానికి ప్యాచ్ టెస్ట్ ఉంది. అనుమానమున్న పదార్థాలను వీపు మీద అంటించి, 48 గంటలకు తీసి చూసి, మరో రోజో రెండు రోజులో ఆగి మళ్ళీ చూస్తారు. సూది లేదు. ఆ రోజుల్లో వీపు తడపకూడదు, అంతే. చర్మ డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడే సబ్బు అట్ట, క్రీము, అత్తరు సీసా అన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్ళండి. డాక్టరు నవ్వరు, సంతోషిస్తారు.

అడగవలసినవారు ఇప్పుడు అడగండి. అమ్మలు చీటీ రాసి పంపినా చదివి చెబుతాను.