రబ్బరు పట్టా అతుకు: నేను చేసిన తప్పు మీరు చేయకండి

ఈరోజు ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. నీళ్ళ కుంటలో వేసే రబ్బరు పట్టాని ఎలా అతకాలో చెప్తాను. ఎందుకు చెప్తున్నానంటే, నేను దాన్ని తప్పుగా అతికి మా నాన్న పెట్టిన 22 బత్తాయి మొక్కలు ఎండబెట్టాను.

మాది కోదాడ దగ్గర ఊరు. కాలువ కింద పొలం అంటే నీళ్ళకి లోటుండదని బయటివాళ్ళు అనుకుంటారు. వేసవిలో సాగర్ ఎడమ కాలువ బంద్ అవుతుంది, బోరు కూడా ఆగి ఆగి పోస్తుంది. 2024 సెప్టెంబరు వానలకి నడిగూడెం మండలంలో ఆ కాలువకే గండి పడింది, మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటి నుంచి నాన్నది ఒకటే మాట, "మన నీళ్ళు మన దగ్గర ఉండాలిరా" అని.

అలా చిన్న కుంట తవ్వించాం. పైన 10 మీటర్లు బై 7 మీటర్లు, లోతు మీటరున్నర, వాలు ఒకటికి ఒకటి. నిండితే సుమారు 71 వేల లీటర్లు. 60 మొక్కలకి రోజుకి 15 లీటర్ల చొప్పున 900 లీటర్లు. ఆవిరయ్యేది పోయినా వేసవి గట్టెక్కుతుందని నా లెక్క. ఎక్సెల్ షీట్ కూడా చేశాను, నవ్వకండి.

పట్టా సైజు లెక్క రాసుకోండి. అడుగు పొడవుకి రెండు వైపుల వాలు పొడవు కలపాలి, గట్టు మీద మట్టిలో పూడ్చడానికి రెండు వైపులా ఇంకో 60 సెంటీమీటర్లు కలపాలి. మాకు 12.5 బై 9.5 మీటర్లు వచ్చింది. అంత పెద్ద ముక్క దొరకలేదు. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర బిల్డింగ్ పని చేయగా మిగిలిన ఈపీడీఎం రబ్బరు, 12.5 బై 5 మీటర్ల ముక్కలు రెండు చవకగా వచ్చాయి. మిల్లీమీటరు మందం. నలుగురు పడితే గానీ ముక్క లేవలేదు.

ఇప్పుడు నా తెలివి చూడండి. రబ్బరే కదా, పంక్చర్ షాపు సొల్యూషన్ సరిపోతుందనుకున్నా. షాపు అన్న చెప్పాడు కూడా, "తమ్మీ, ఇది ట్యూబు రబ్బరు కాదు, పట్టదేమో" అని. నేను వినలేదు. పూసేశాను, ఒత్తేశాను, వీడియో తీసేశాను.

ఎందుకు పట్టదో తర్వాత చదివి తెలుసుకున్నా. ఈపీడీఎం ఎండకి, గాలికి ఏళ్ళ తరబడి పగలదు. దాని అణువులు బయటివాటితో అంత తేలిగ్గా కలవవు కాబట్టి పగలదు. అదే గుణం మామూలు గమ్‌ని కూడా పట్టనివ్వదు. పైగా కొత్త పట్టా మీద తెల్లటి పౌడరు ఉంటుంది, నేను తుడవనే లేదు.

ఫిబ్రవరిలో నింపాం. మూడో వారానికి మట్టం దిగుతోంది. "ఆవిరి నాన్నా, ఎండలు కదా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నాకే అనుమానం వచ్చి బకెట్ పరీక్ష చేశాను. బకెట్‌లో నీళ్ళు పోసి, రాయి వేసి కుంటలోనే నిలబెట్టండి. మోటారు ఆపి, లోపలా బయటా గీతలు పెట్టండి. ఆవిరి రెండింటికీ ఒకటే. నాలుగు రోజుల్లో బకెట్ 3 సెంటీమీటర్లు దిగింది, కుంట 13 దిగింది. ఆ తేడా 10 సెంటీమీటర్లంటే రోజుకి సుమారు 1,500 లీటర్లు. మొక్కలు తాగేదానికంటే నేలే ఎక్కువ తాగుతోంది!

చివరికి మట్టం అడుగు నుంచి జానెడు ఎత్తులో ఆగింది. ఎక్కడ ఆగిందో అక్కడే చిల్లు ఉంటుంది. అతుకు మీద మడత పడి చేప నోరులా తెరుచుకుంది. అప్పటికి ట్యాంకర్ తెప్పించినా ఆలస్యమైంది. 22 మొక్కలు పోయాయి. నాన్న ఒక్కటే అన్నాడు, "నీళ్ళకి నీ బీటెక్ తెల్వదు రా." ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సరే, రెండోసారి చేసిన పద్ధతి ఇది. సూర్యాపేట, మిర్యాలగూడ షాపుల్లో అడిగాను, దొరకలేదు. ఈపీడీఎం ప్రైమరు, 3 అంగుళాల రెండు వైపులా అంటుకునే బ్యూటైల్ టేపు హైదరాబాద్ నుంచి తెప్పించాను.

ఒకటి, పాత గమ్ ఉన్నంత మేర కత్తిరించేయాలి. పౌడరు, దుమ్ము తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. మంచు తడి పోయాక, ఎండ ముదరక ముందే పని పూర్తి చేయండి.

రెండు, 10 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి రావాలి. కింద చెక్క పలక పెట్టుకోండి, మెత్తటి మట్టి మీద ఒత్తిడి నిలవదు.

మూడు, రెండు ముక్కలకీ ప్రైమరు రాసి, వేలికి అంటకుండా ఆరాక టేపు వేయండి. టేపు అంచు కొంచెం బయటికి కనబడాలి. పై కాగితం కొద్దికొద్దిగా లాగుతూ చిన్న రోలర్‌తో గట్టిగా రుద్దండి. ఒక్క మడత కూడా వదలొద్దు.

నాలుగు, అతుకు వాలు మీద పైనుంచి కిందికి రావాలి, అడ్డంగా వద్దు. అడ్డంగా ఉంటే పట్టా బరువంతా అతుకునే లాగుతుంది. రెండు రోజులు ఆగి నింపండి.

ఒక హెచ్చరిక. మన దగ్గర ఫాంపాండ్లకి ఎక్కువగా వాడేది హెచ్‌డీపీఈ పట్టా. దానికి ఈ టేపు, గమ్ నమ్ముకోవద్దు, వేడితో వెల్డింగ్ చేయించాల్సిందే. కొనేముందే ఏ రకమో అడగండి. వీలైతే ఒకే ముక్క కొనండి. నేను మిగిల్చింది ట్యాంకర్లకే పోయింది.

ఇంకోటి, ఇది మొక్కల కంటే ముఖ్యం. తడి పట్టా మీద కాలు నిలవదు. ఈత వచ్చినవాళ్ళు కూడా వాలు ఎక్కలేరు. చుట్టూ కంచె వేయండి, ముడులు వేసిన తాడు గట్టున కట్టి లోపలికి వదలండి. మా కుంటలో రెండు తాళ్ళున్నాయి, ఈసారి అవి ముందే కట్టాను.

ఇప్పుడు బకెట్, కుంట సమానంగా దిగుతున్నాయి. పోయిన చోట 22 కొత్త మొక్కలు పెట్టాం. రోజూ పొద్దున గీత చూసేది నాన్నే. ఇంకా నన్ను పూర్తిగా నమ్మలేదు, నమ్మాల్సిన పని కూడా లేదు, గీత ఉంది కదా. మీ కుంటలో మట్టం దిగుతుంటే ముందు బకెట్ పెట్టండి, కొలతలు కామెంట్‌లో రాయండి, కలిసి లెక్క చూద్దాం. ఉంటాను మరి.