ఎఱ్ఱబడిన కన్ను: కలకయా, పుండా?

గ్రామ పంచాయతీ సభ్యులారా!

కన్ను ఎఱ్ఱబడినదని ఎవరైనను మీ వద్దకు వచ్చినచో మీరు అడుగవలసిన ప్రశ్నలు రెండు: పోటు ఉన్నదా? చూపు తగ్గినదా? ఇసుక పడినట్లు గరగర మాత్రమే యుండి, చూపు చక్కగా నున్నచో అది సాధారణముగా కండ్లకలక. 2023 వర్షాకాలమున తెలంగాణ బడులలోను వసతిగృహములలోను వ్యాపించినది ఇదియే. కలక వచ్చినవానిని చూచినంతనే అంటునని మనవారు నమ్ముదురు. అంటించునవి చూపులు కావు; చేతులు, తువాలు, దిండు. వైరస్ వలన వచ్చిన కలక వారము, రెండు వారములలో తనంతట తగ్గును. పుసులు చిక్కగా, పచ్చగా వచ్చుచున్నచో బాక్టీరియా వలన కావచ్చును. వైద్యుడు చుక్కల మందు ఇచ్చును.

రెప్ప అంచున లేచు కురుపునకు గోరువెచ్చని తడిగుడ్డతో దినమునకు నాలుగు మార్లు కాపడము పెట్టిన చాలును. చిదుమరాదు.

మా భయమంతయు నల్లగుడ్డుపై పుట్టు పుండును గూర్చియే. వరికోతలలో ఆకు కొనయో, నూర్పిడిలో పొట్టో తగిలి కంటిపై గీత పడును. ఆ గీత గుండా బూజు లోనికి పోవును. పోటు, వెలుతురు చూడలేకపోవుట, మసక, తెల్లమచ్చ దాని గుర్తులు. ఇంటివారు ఆకుపసరో చనుబాలో పోయుదురు. చనుబాలు బిడ్డకు అమృతమే, కంటికి మందు కాదు. దుకాణమున అడిగి తెచ్చిన చుక్కలలో స్టెరాయిడ్ ఉన్నచో ఎఱుపు తగ్గినట్లు కనిపించును. లోపల పుండు లోతగును. ఆసుపత్రిలో పుండును కొంచెము గీకి, సూక్ష్మదర్శినితో చూచి, బూజో బాక్టీరియాయో తేల్చెదరు. రెంటికిని మందులు వేరు, వారముల తరబడి వేయవలెను.

1996–2000 నడుమ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన నేత్రవ్యాధుల సర్వేలో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలును ఉండెను. నల్లగుడ్డు చెడి చూపు పోయినవారిలో అత్యధికులకు ఆ నష్టము తప్పింపదగినదే యని అందు తేలినది. చిన్ననాటి పుండ్లును, గాయములును ముఖ్యకారణములు. ట్రకోమా అను పాత అంటువ్యాధిని ప్రజారోగ్య సమస్యగా భారతదేశము నిర్మూలించినదని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది; పొలములో తగిలిన దెబ్బకు మాత్రము అట్టి ప్రకటన లేదు.

కావున పోటుగాని మసకగాని ఉన్నవానిని ఆనాడే జిల్లా కేంద్రములోని కంటి వైద్యుని వద్దకు పంపుడు. మఱునాటి బస్సుకు ఆగవలదు. కంటికి కట్టు కట్టవలదు. అంతకుముందు వేసిన చుక్కల సీసాను వెంట నిచ్చి పంపుడు. వైద్యుడు మొదట అడుగునది అదియే.